చీరల తెర

ఐర్లండ్‌లోని నేవన్‌లో, వాళ్ళ ఇళ్ళ కాలనీ పచ్చిక మీద రెండు చెర్రీ చెట్లు విరగబూశాయి. వాటి మధ్య తాడు కట్టడానికి అనంతరామ్ నానా తంటాలు పడుతున్నాడు. సాఫ్ట్‌వేర్ మనిషి. జీవితంలో గట్టిగా వేసినవి మూడే ముళ్ళు, అవీ పెళ్ళిపీటల మీద. ఆ ముళ్ళు వేయించుకున్న లీలారాణి జనవరిలో క్యాన్సర్‌తో పోయింది.

ఈ తాడు ఆవిడ కోరికే. కిందటేడు డబ్లిన్ మ్యూజియంలో ఓ జపాను చెక్క అచ్చు బొమ్మ ముందు నిలబడి ఆవిడ కదిలితే ఒట్టు. పూసిన చెర్రీల కింద పాతకాలపు ఆడవాళ్ళ విందు. చెట్లకు తాడు కట్టి, తమ పట్టుబట్టలే తెరలా వేసుకుని, అవతల కూర్చున్నారు.

"ఏవండీ, ఇవి మన వనభోజనాలే కదా! కార్తీకంలో అయితే ఇక్కడ చలికి చస్తాం. వచ్చే ఏప్రిల్లో మన చెట్ల కింద చేద్దాం. నా చీరలన్నీ కట్టేస్తా" అంది.

ఏప్రిల్ వచ్చింది. ఆవిడ లేదు.

పదమూడేళ్ళ చరిత తల్లి పోయిన దగ్గర్నుంచీ ఏడవలేదు. 'అమ్మ' అన్న మాటే పలకలేదు. ఎవరడిగినా బాగానే ఉన్నానని, ఈ ఊరివాళ్ళలాగే "ఐయామ్ గ్రాండ్" అంటుంది. పిల్ల నోట ఆ ఒక్క మాట వినాలని అనంతరామ్ ఆశ. అందుకే ఈ తాడు, ఈ పులిహోర. లోకులు పిచ్చివాడనుకుంటే అనుకోనీ.

వెంకటగిరి, మంగళగిరి, కంచిపట్టు, ఒక్కొక్కటే క్లిప్పులు పెట్టి వేలాడదీసి, వాటి అవతల చాప పరిచాడు. ఎదురింటి బ్రైడీ ముసలమ్మ కుక్కతో పోతూ "గ్రాండ్ డ్రైయింగ్ టుడే!" అని చెయ్యూపింది. బట్టలారేస్తున్నాడనుకుంది, పాపం. అనంతరామ్ నవ్వబోయి ఏడ్చినంత పని చేశాడు.

చరిత మాత్రం ఇంటి మెట్టు దిగలేదు. అక్కడే కూర్చుని చూస్తోంది. పులిహోర చల్లారిపోయింది. ఇంతలో ఈ ఊరి వాన, చెప్పాపెట్టకుండా ఊడిపడింది. పట్టు పాడైపోతుందని అనంతరామ్ క్లిప్పులు లాగబోయాడు.

"నాన్నా, డోంట్!" చరిత పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. "ప్లీజ్, లీవ్ దెమ్. ఫ్రమ్ ద డోర్, ఇట్ లుక్స్ లైక్ అమ్మ ఈజ్ బిహైండ్ దెమ్."

కోరుకున్న మాట విన్నాడు. విన్నాక గుండె చెరువైంది. పిల్ల వెక్కివెక్కి ఏడుస్తోంది. చీరలు అలాగే వదిలేసి, కూతుర్ని పొదువుకుని నడిపించుకెళ్ళి, ఆ మెట్టు మీదే పక్కన కూర్చున్నాడు. అవతల తడుస్తున్న చాప తప్ప ఇంకేమీ లేదని, పరిచినవాడు, ఆయనకు తెలియదా? అయినా చీకటి పడేదాకా ఇద్దరిలో ఒక్కరూ అటు వెళ్ళి చూడలేదు.