మాడుగుల కనుమలో మీసాల పందెము

కార్తికమాసమున రెండవ యాదివారము తెల్లవాఱుచుండెను. రాత్రియంతయు చెఱకుతోటలపై బరుండిన మంచు బాలభానుకిరణస్పర్శచే మెల్లమెల్లగా లేచి మాడుగుల కొండల నడుములకు తెల్లని పట్టుదట్టివలె జుట్టుకొనుచుండగా, బెల్లపు గానుగల పొగ దానితో గలసి దిక్కులనెల్ల తియ్యని పరిమళముతో నింపుచుండగా, వనభోజనములకు బయలుదేరిన కార్లును జీపులును అరటియాకుల కట్టలను పులిహోర గుండిగలను మోసికొని కనుమదారి కభిముఖములై సాగుచుండెను.

అట్టి సుప్రభాతమున చోడవరపు బెల్లపు వర్తకుడును నిమ్మకాయలు నిలుపదగిన దీర్ఘశ్యామలశ్మశ్రువిరాజితవదనుడును నగు దాట్ల పద్మనాభరాజు తన టర్బో కారు ముంగల నిలిచి మీసమును మాటిమాటికి దువ్వుకొనుచుండెను. ఏలయన, ఆ మీసము మధ్యాహ్నమునకు ముఖమున నుండునో మంగలి పళ్ళెరమున నుండునో ఆ కారే తేల్చవలసియుండెను.

నిరుడు ఇదే వనభోజనమున కేగుచుండగా ఆ కారు ఏడవ మలుపున ఆయాసపడి యాగిపోయెను. బంధువులందఱును దిగి నడువవలసి వచ్చెను. అదే సమయమున ముసలి జీపులో వెనుకనుండి వచ్చిన బావమఱది జోగిరాజు తల బయటకు బెట్టి పలుకరించెను.

“బావగారూ! కారు కొన్నారా, లేక కారుని కొండెక్కించే కొలువులో చేరారా అండి?”

ఆడవారందఱును గొల్లుమనిరి. రాజునకు రోషము పొడుచుకొని వచ్చెను.

“వచ్చే ఏడు నిన్ను కూడా ఎక్కించుకుని, ఒక్కరు దిగకుండా ఈ కొండెక్కకపోతే మీసం తీయించేసుకుంటానోయ్!”

“ఎక్కితే నా మీసం తీయించుకుంటానండి!” అని జోగిరాజు జీపు ముందుకు దూకించెను.

కావున నీ యేడు పందెమునకు పదిదినములు ముందుగా రాజు, గాజువాకలో కార్లకు ట్యూనింగు చేయుటయందు బేరుగాంచిన నీలవేణి యను వనితకడకు కారును గొనిపోయి, ఎంత బలము దొరకిన నంత బలమును దానికి బోయుమని వేడుకొనెను. ఆమె ల్యాపుటాపు తగిలించి, రహదారిపై రెండుమాఱులు నడిపి చూచి, తుదకు కారు ముంగల గూర్చుండి పకాలున నవ్వెను.

“ఏటండీ రాజుగారూ ఇది? టర్బో నొక్కిన గాలి బాగా వేడెక్కిపోద్దండి. దాన్ని చల్లార్చే జాలీ సరిగ్గా ఈ బిళ్ళ వెనకాలే ఉంది. బయటి గాలి తగిలే దారేదండి? ఆ వేడికి తట్టుకోలేక ఇంజను తన బలం తనే తగ్గించేసుకుంటోంది. ముందిది తీసేయండి. ట్యూనింగు తరవాత.”

ఆ బిళ్ళ సామాన్యమైనది కాదు. కారునకు బూజ చేయించిన నాడు జోగిరాజు స్వయముగా బోతపోయించి తెచ్చి బిగించిన రెండడుగుల యిత్తడి బిళ్ళ. దానిపై గర్జించు సింహములు రెండును, వాని నడుమ దాట్లవారి యింటిపేరును ధగధగ మెఱయుచుండెను. పుట్టినింటి బహుమానమును విప్పిన భార్య సుభద్ర నొచ్చుకొనును, విప్పకున్న మీసము పోవును. రాజు మింగలేక కక్కలేక రెండుదినములు తిరిగి తుదకు సుభద్రతో జెప్పివేసెను.

“మా తమ్ముడు ముచ్చటపడి ఇచ్చాడు గానీ మీ కారు ముక్కు మూయాలని ఇవ్వలేదు కదండీ! తీయించేయండి. వాడితో మాత్రం మీరే చెప్పుకోవాలి,” అని యామె నవ్వెను.

బిళ్ళ యూడెను. నీలవేణి ఇంధనమును గాలిని తగుపాళ్ళకు దెచ్చి, టర్బో యొత్తిడిని మేర మీఱకుండ హెచ్చించి, “ఇది వేగానికి కాదండి, ఎత్తెక్కడానికి” అని హెచ్చరించి పంపెను.

ఇక పందెపు వృత్తాంతము. గుండిగలెత్తు సందడిలో కారు ముక్కువైపు చూడకయే జోగిరాజు ముందు గూర్చుండెను. వెనుక సుభద్రయు, ఆమె తల్లియగు రాజుగారి అత్తగారును, అత్తగారి చెల్లెండ్రిద్దఱును గుండిగలు ఒడిలో బెట్టుకొని కూర్చుండిరి. ఏడవ మలుపు సమీపింపగానే అత్తగారు దిగి నడుచుటకై చెప్పులు తొడుగుకొనెను. రాజు కాలు మెల్లగా నదిమెను. కారు గున్నయేనుగువలె నిబ్బరముగా మలుపు నెక్కి, ఎనిమిదవదానిని, తొమ్మిదవదానిని దాటి కొండతల చేరెను. అత్తగారు చెప్పులు మరల విడిచెను.

జోగిరాజు మాట తప్పువాడు కాడు. కనుమపైనున్న పాడేరు చేరినంతనే మంగలి దుకాణమున గూర్చుండి ముఖమునకు నురుగు పట్టించుకొనెను. గెలిచిన రాజు ప్రక్కన నిలిచి సంతోషింపబోయి సంతోషింపలేకపోయెను. బిళ్ళమాట చెప్పకున్న నడుగువాడు లేడు. చెప్పినచో ప్రేమతో నిచ్చినవాని మనసు విఱుగునేమో యని భయము. అయినను చెప్పెను.

“బావా, దాచడం నావల్ల కాదోయ్. నిరుడు కారు ఆగిపోయింది నువ్విచ్చిన బిళ్ళ గాలికి అడ్డమవడంవల్లేనట. తీయించేశాను. ఏమీ అనుకోకు.”

జోగిరాజు నురుగుముఖముతోడనే దిగ్గున లేచి అద్దము లదరునట్లు నవ్వెను.

“అంటే అంత టర్బో కారునీ ఆపింది కొండ కాదండి, నేను! ఇంత ఘనత చేశాక మీసమెందుకండి నాకు?” అని కుర్చీలో మరల గూలబడి మంగలివైపు తిరిగి, “కానీయవోయ్!” అనెను.

రాజు ఒక్కనిమేష మతనిని జూచి, తన మీసమును కడసారి దువ్వి, ఎవ్వరును అడుగకుండగనే ప్రక్క కుర్చీలో గూర్చుండి, “నాది కూడా,” అనెను.

ఆ మధ్యాహ్నము ఉసిరికచెట్టు నీడన విస్తళ్ళముందు గూర్చున్న ఆ బోడిమూతుల బావలిద్దఱిని జూచి అత్తగారు వడ్డించుట మఱచి నవ్వెను. శక్తి నార్జించుట కొంత సులభమే. ముఖమునకు దగిలించుకొన్న గొప్పను విప్పి ఊపిరికి దారి విడుచుటయే మిక్కిలి కష్టము. అది చేయగలిగినవాడు ఎంతటి కనుమనైనను నవ్వుచునే యెక్కును.