టైలరు కుట్టిన పుస్తకం

గొంతు ఆపరేషనయ్యాక టైలరు స్నేహితుణ్ణి నెల రోజులు మాట్లాడకూడదన్నారు డాక్టరు. చెప్పాలనుకున్నది రాసుకోవడానికి తానే ఓ పుస్తకం కుట్టి ఇస్తే బాగుంటుందని టైలరుకు తోచింది. ముప్పై ఏళ్లుగా కోట్లు కుడుతున్నవాడికి నాలుగు కాగితాలు ఒక లెక్కా అని భార్య ముందు కోతలు కూడా కోశాడు.

తెల్లకాగితాలు మడిచి, కోటుగుడ్డతో అట్ట వేసి, మిషను మీద టకటకా కుట్టేశాడు.

ఆసుపత్రిలో స్నేహితుడు ఎంత లాగినా పుస్తకం తెరుచుకోలేదు. టైలరు కళ్లజోడు సర్దుకుని చూశాడు. చేతి అలవాటు కొద్దీ నాలుగు వైపులా కుట్టేశాడు!

"దిండు కుట్టారేంటి అన్నయ్యా?" అంది స్నేహితుడి భార్య.

"తెలియని పనైతే ఎవర్నైనా అడిగేవాణ్ణి చెల్లెమ్మా. తెలిసిన పని కాబట్టే ఇలా తగలేశాను" అన్నాడు తల గోక్కుంటూ.

స్నేహితుడు పొంగుకొచ్చే నవ్వును చేత్తో అదిమిపట్టుకున్నాడు. టైలరు మంచం పక్కనే కూర్చుని మూడు వైపులా కుట్లు విప్పాడు. అప్పుడు స్నేహితుడు మొదటి పేజీలో రాశాడు: "వారం తర్వాత మళ్లీ ఇప్పుడే నవ్వొచ్చింది. రేపు కూడా రారా."

తన గొంతు బాగానే ఉందన్న సంగతి మరిచిపోయి, టైలరు కలం లాక్కుని కింద "వస్తాన్రా" అని రాశాడు.