కిష్టవ్వ నోట్లో పండ్లు

మెదక్ కచేరిలో కిష్టవ్వ మొదటిసారి నోరు తెరిచిననాడు ఆ నోట్లోంచి మాట రాలేదు, గాలి వచ్చింది.

ఘనపురం కాలువ కింద రెండెకరాల తరి పొలం తనదని, మామ చేతుల మీదుగా మొగునికి, మొగుని చేతుల మీదుగా తనకు వచ్చిందని, పాపిరెడ్డి పటేల్ గుంజుకున్నాడని ఆమె చెప్పింది. చెప్పాననుకుంది. బల్ల వెనక కూర్చున్న ఆఫీసరు చెవి వెనక చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. పోలీసు చర్య అయ్యాక మద్రాసు వైపు నుంచి వచ్చినవాడాయన. పండ్లున్న వాళ్ళ మాటే ఆయనకు సగం అందదు. ఇక ముందరి పండ్లు పైనా కిందా ఒక్కటీ లేని మనిషి మాట ఏం అందుతుంది?

"ఏమంటోందయ్యా?" అని పక్కన కాగితాలు రాసే పేష్కారును అడిగాడు.

పేష్కారు మూతి తుడుచుకుంటున్నట్టు రుమాలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. "సమజ్ అయితలేదు సాబ్."

"చూడమ్మా, ఫిర్యాదు నీది. నీ నోట రావాలి. సాక్షి కూడా ఉండాలి. వానలు పడ్డాక మళ్ళీ పిలుస్తాం. అప్పుడు సరిగ్గా చెప్పు."

సరిగ్గా చెప్పమన్నాడు. పండ్లు ఎట్లా పోయాయని మాత్రం అడగలేదు.

అవి వయసు మీరి ఊడినవి కావు. ఆమెకు నలభై ఏళ్ళు కూడా లేవు. మొగుడు చచ్చిన ఏడే పటేల్ ఇంట్లో పాడి బర్రెలు చచ్చాయి, పటేల్ కోడలికి మూర్ఛలు పట్టుకున్నాయి. కిష్టవ్వ బాణామతి చేసిందన్నారు. ఎవరన్నారంటే ఎవరూ చెప్పరు. పటేల్ ఇంట్లో పుట్టిన మాటకు ఊరంతా నోళ్ళే, తండ్రి మాత్రం ఉండడు. బాణామతికి మందేమిటో మెదక్ చుట్టుపక్కల పసిపిల్లకు కూడా తెలుసు. చేసినవాళ్ళ ముందరి పండ్లు పీకెయ్యాలి. మంత్రం పండ్ల మీద ఆడుతుందట. పండ్లు లేకపోతే మంత్రం తప్పుతుంది, తప్పిన మంత్రం పారదు.

మెదక్ ఖిల్లా కింది వాడంతా చావడి ముందు చేరింది. కమ్మరి వీరయ్యను పటకారుతో రమ్మన్నారు. వీరయ్య వచ్చాడు. అతని చేతులు వణికాయి. వణికినందుకు ఆమెకు నొప్పి తగ్గలేదు, పెరిగింది. కొన్ని పండ్లు ఊడివచ్చాయి, కొన్ని లోపలే విరిగాయి. వచ్చినవాటిని ముంతలో వేసి మూడు బాటల దగ్గర పాతిపెట్టారు. ఆ నెల తిరగక ముందే పటేల్ జీతగాడు ఆమె పొలంలో నాగలి కట్టాడు. పటేల్ కోడలికి మూర్ఛలు ఆగాయా అంటే ఆగలేదు. ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తరువాత దొరలు గుంజుకున్న భూములు తిరిగి ఇప్పించే సంఘం వచ్చింది. పటేల్ రాత్రికి రాత్రి పట్నం పారిపోయాడు. సంఘం పిల్లలు కిష్టవ్వను పిలిచి, "అవ్వా, నీ భూమి నువ్వు దున్నుకో" అన్నారు. అన్నారు గానీ ఆమె నీళ్ళు తెచ్చిస్తే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్కడూ తాగలేదు. పండ్ల సంగతి అడగలేదు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ జరిగింది అదే.

ఆ వానకాలం పంట చేతికి వచ్చేలోపల మిలిటరీ లారీలు వచ్చాయి. సంఘం పిల్లలు కొందరు జైలుకు, కొందరు అడవికి పోయారు. లారీల వెనకాలే పటేల్ వచ్చాడు. పోయేటప్పుడు నెత్తిన నిజాం నాటి రూమీ టోపీ, వచ్చేటప్పుడు ఖద్దరు టోపీ. కిందున్న తల అదే. ఆమె నాటిన వరి అతను కోసుకున్నాడు.

ఇదీ ఆమె కచేరిలో చెప్పబోయిన కథ.

తిరిగి వస్తుంటే కొలిమి ముందు వీరయ్య లేచి నిలబడ్డాడు.

"కిష్టవ్వా, జర ఆగు. సాక్షిని తెమ్మన్నడట గద. నేనొస్త. నీ తూర్పు హద్దు నా మాన్యమే. నాకంటె ఎక్కువ ఎవనికి ఎర్క?"

ఆమె అతని ముఖం కేసి చూస్తూ నిలబడింది.

"గట్ల చూడకు. పటకారు పట్టింది ఈ చెయ్యే. గిట్లనన్న జర కడుక్కుంట."

"పటేల్ నీ కొలిమి ఆర్పుతడు" అన్నది. వీరయ్యకు అర్థమయింది. ఆ బోసి మాట వాడలో వాళ్ళకు అలవాటే.

"ఆర్పనీ. ఇనుము యాడనన్న కాలుతది."

ఎంత ధైర్యం! ఆ ధైర్యం ఆమె బోసి నోటిని చూసి పుట్టిందని అతనికీ తెలియదు, ఆమెకూ తెలియదు.

సాక్షి దొరికాడు. ఇక మాట కావాలి. కిష్టవ్వ మిషన్ కాంపౌండులో వంటలు చేసే ఎలిశిబా దగ్గర వడ్లు దంచేది. రోకలి ఆపి తన గోస చెప్పుకుంటే ఎలిశిబా చేతిలో చాట పక్కన పెట్టింది.

"మా పాత దొరసానికి నోటి నిండ పెట్టుడు పండ్లే ఉండె. రాత్రి పండేటప్పుడు తీసి గిన్నెల నీళ్ళల్ల ఏసేది. తెల్లారి గవే పెట్టుకొని మమ్ముల తిట్టేది. ఒక్క మాట తప్పకపోయేది."

"గవిటితోని నమలొస్తదా అక్కా?"

"నమిలేటందుకు ఏమో గని, తిట్టేటందుకు మస్తు పనికొచ్చేటియి."

"నాకు నమిలేటందుకు వద్దు. చెప్పేటందుకు కావాలె."

సికింద్రాబాద్ నుంచి పండ్లు కట్టే అతను నెలకొకసారి బస్సులో వచ్చి బస్టాండు పక్క గదిలో కూర్చునేవాడు. కిష్టవ్వ కాళ్ళ కడియాలు అమ్మింది. అతను నోరు తెరవమని లోపలికి చూసి, "ఇవి ఊడినయి కావు. ఏర్లు లోపల్నే ఉన్నయి. గవి తీస్తె గని పని కాదు" అన్నాడు. ఇనుప పనిముట్టు చేతిలోకి తీసుకోగానే ఆమె లేవబోయింది. ఎలిశిబా వెనక నుంచి తల గట్టిగా పట్టుకుంది. ఆనాడూ ఇట్లాగే వెనక నుంచి ఎవరో పట్టుకున్నారు. కిష్టవ్వ కళ్ళు మూసుకుని పొలం మడవలోకి నీళ్ళు దిగుతున్న చప్పుడు తలచుకుంది.

పుండు మానినాక మెత్తటి మైనం ముద్ద నోట్లో పెట్టి అచ్చు తీసుకుపోయాడు. ఆపై నెల పండ్లు తెచ్చాడు. ఎర్రటి రబ్బరు చిగుళ్ళు, వాటి మీద తెల్లటి పింగాణీ పండ్లు. పై వరుస ఒకటి, కింది వరుస ఒకటి. పెట్టుకుని అద్దంలో చూసుకుంటే ఎవరో పరాయి ఆడది పండ్లు ఇకిలించి తనను చూస్తున్నట్టుంది.

పెట్టుకోగానే మాట వస్తుందా? రాలేదు. మొదట్లో లాలాజలం వచ్చింది, వాంతి వచ్చింది. పై వరుస జారి కింది వరుస మీద పడేది. ఆమె వదల్లేదు. పొద్దుపొద్దున్నే కాలువ గట్టుకు పోయి, ఆఫీసరు ముందు చెప్పాల్సిందే చెప్పుకునేది. "తూర్పున కమ్మరి వీరయ్య మాన్యం. పడమట కాలువ. ఉత్తరాన తుమ్మల దిబ్బ. దక్షిణాన పటేల్ తోట." తప్పితే మళ్ళీ మొదటి నుంచి. వాడలోకి వచ్చేటప్పుడు పండ్లు తీసి కొంగున ముడేసేది. పటేల్ కంట పడితే ఇవి కూడా దక్కవని భయం. వీరయ్యకు కూడా చెప్పలేదు. కచేరిలోనే వినిపించాలనుకుంది.

అక్కడే దెబ్బతిన్నది. నీళ్ళకు పోయిన వీరయ్య భార్య యాదవ్వ గట్టు మీద కిష్టవ్వను వెనక నుంచి చూసింది. ఇంటికి పోయి, "కిష్టవ్వ ఏందో చదువుతుందయ్యా. ఒక్కటే తీరు, మళ్ళ మళ్ళ" అన్నది. వీరయ్య నవ్వాడట. "పండ్లు లేందానికి మంత్రం యాడ పారుతదే పిచ్చిదానా" అన్నాడట. ఇదంతా కిష్టవ్వకు తరువాత తెలిసింది. తెలిసి లాభం లేనప్పుడు అన్నీ తెలుస్తాయి.

వానలు పడ్డాయి. కచేరి నుంచి పిలుపు వచ్చింది.

పటేల్‌కు కుర్చీ వేశారు. వీరయ్య భుజం మీది తుండు చేతిలోకి తీసుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. ఆఫీసరు "చెప్పమ్మా" అన్నాడు. కిష్టవ్వ మూతి మీద కొంగు తీసింది.

"అయ్యా, నా పేరు కిష్టవ్వ. ఘనపురం కాలువ కింద రెండెకరాల తరి నాది. తూర్పున కమ్మరి వీరయ్య మాన్యం. పడమట కాలువ. ఉత్తరాన తుమ్మల దిబ్బ. దక్షిణాన పటేల్ తోట. మా మామ దున్నిండు, నా పెనిమిటి దున్నిండు, నేను దున్నిన. నా మీద బాణామతి అని పేరు పెట్టి, నా పండ్లు పీకించి, నా భూమి గుంజుకున్నరు."

ఒక్క అక్షరం జారలేదు. ఆఫీసరు కలం సిరాలో ముంచాడు. "ఇప్పుడు బాగా అర్థమవుతోంది" అన్నాడు. ఆ మాటకు ఆమె గుండె ఇంతయింది. మనిషి మాట మరో మనిషికి అర్థం కావడం ఎంత పెద్ద సంగతో, ఎన్నడూ మాట పోగొట్టుకోనివాళ్ళకు తెలియదు.

పటేల్ ఆమె కేసి చూడలేదు. గుమ్మం కేసి చూశాడు. పట్నంలో పెట్టుడు పండ్లు అతను ఎన్ని చూశాడో! అయినా చాలా మెల్లగా, జాలి పడుతున్నట్టు అన్నాడు.

"చూస్తివా వీరయ్యా. నువ్వు పీకినయే గద గవి?"

వీరయ్య ముఖం కొలిమి బూడిద అయింది.

"సాక్షి నువ్వేనా? ముందుకు రా. ఈ భూమి ఎవరిది?" అన్నాడు ఆఫీసరు.

"అయ్యా, నా చేతితోని పీకిన." అన్నాడు వీరయ్య. "ముంతల ఏసి మూడు బాటల కాడ పాతిన. తవ్వి తీసుకున్నది. మల్ల పెట్టుకున్నది."

"వీరన్నా, గవి కావు ఇవి. కొనుక్కున్న. కడియాలమ్మి కొనుక్కున్న. రబ్బరువి. చూడు" అంటూ కిష్టవ్వ బొటనవేలు నోట్లో పెట్టి పై వరుస ఊడబీకింది, కింది వరుస ఊడబీకింది. రెండూ బల్ల మీద పెట్టింది. ఎంగిలి తీగలు సాగి తెగాయి.

వీరయ్య తుండు అక్కడే పారేసి బయటికి ఉరికాడు.

ఆఫీసరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. "ఛీ, ముందు అవి తియ్యి ఇక్కణ్ణుంచి."

ఆమె ఇంకా చెబుతూనే ఉంది. ఎలిశిబా పేరు చెప్పింది, బస్టాండు పక్క గది సంగతి చెప్పింది, ఆ మనిషిని పిలిచి అడగమంది. గదిలో అందరికీ వినపడింది గాలి.

"ఏమంటోందయ్యా?"

"సమజ్ అయితలేదు సాబ్."

పండ్లు పెట్టుకుంటే మంత్రగత్తె, తీస్తే మూగది. ఆ రెంటికీ నడుమ కిష్టవ్వ అనే మనిషి నిలబడడానికి ఆ కచేరిలో జానెడు జాగా లేకపోయింది. పటేల్ లేచి చేతులు కట్టుకుని, "పాపం, మతి లేనిది సాబ్. భూమి మా తాతల నాటిది" అన్నాడు. సాక్ష్యం లేదని రాసుకున్నారు. పేష్కారు ఆమె పండ్లను ఒక కాగితంతో తోసి ఆమె చేతిలో పడేశాడు. ముట్టుకోలేదు.

ఊళ్ళో నాట్లు మొదలయ్యాయి. పటేల్ జీతగాడు ఎల్లం ఎడ్లు తోలుకుని కిష్టవ్వ పొలానికి వచ్చాడు. చుట్టూ మడులలో ఆడవాళ్ళు వంగి నాట్లేస్తున్నారు. పట్టపగలు, అందరూ చూస్తుండగా కిష్టవ్వ గట్టు వెంట నడిచి వచ్చింది. కాలువ నీళ్ళు పొలంలోకి దిగే మడవ దగ్గర కూర్చుంది. నోట్లోంచి పండ్లు తీసి కడిగింది. పై వరుస ఒక పక్క, కింది వరుస ఒక పక్క మట్టిలో గుచ్చింది. నీళ్ళు ఆ రెండు వరుసల నడుమ నుంచి పొలంలోకి పోతున్నాయి. లేచి నిలబడి బోసి పెదవులు ఆడించింది. తూర్పు. పడమర. ఉత్తరం. దక్షిణం. ఈసారి కొంగు అడ్డం పెట్టుకోలేదు. వాళ్ళు ఏమనుకుంటారో ఆమెకు తెలుసు. అనుకోనిచ్చింది.

నాట్లేసే చేతులు ఆగిపోయాయి. ఎల్లం నాగలి మేడి వదిలేశాడు.

కబురు పోతే పటేల్ గొడుగు వేసుకుని వచ్చాడు. "ఏందిరా, దిగు."

"నేను దిగ పటేలా."

"అరె, అవి రబ్బరువి రా. పట్నంల దుకాణాలల్ల చేసిస్తరు. మా బామ్మర్దికి సుత ఉన్నయి. బాణామతి లేదు, ఏం లేదు, అంత ఉత్తదే."

పుట్టి బుద్ధెరిగాక పాపిరెడ్డి పటేల్ వాడ ముందు చెప్పిన నిజం అదొక్కటే. ఆ నిజం చావడి ముందు, పటకారు రాకముందు చెప్పి ఉండవచ్చు. ఇప్పుడు ఒక్కడూ నమ్మలేదు.

ఎల్లం తల వంచుకునే అన్నాడు. "గట్లయితే జర నువ్వే తీసి అవతల పారెయ్యి పటేలా."

పటేల్ గొడుగు మడిచాడు. మడవ దాకా వచ్చాడు. గొడుగు మొన ముందుకు చాచాడు. తెల్లటి పండ్ల మీదుగా నీళ్ళు కదులుతుంటే అవి కొరుకుతున్నట్టున్నాయి. గొడుగు వెనక్కి తీసుకున్నాడు. "ఇయ్యాల అమాస. రేపు చూద్దాం" అని వెళ్ళిపోయాడు. అమావాస్య ఇంకా ఎంతో దూరం ఉంది.

ఆ రేపు రాలేదు. ఆ పొలంలో ఆ ఏడు నాగలి దిగలేదు. పటేల్‌ది దిగలేదు, కిష్టవ్వదీ దిగలేదు. ఆమెకు ఎడ్లు ఎవరిస్తారు, ఆమె మడిలో నాటు వెయ్యడానికి ఎవరొస్తారు? వాడలో ఎదురుపడితే పిల్లలను కొంగు చాటుకు తీసుకుంటున్నారు. వీరయ్య తన మాన్యానికి నీళ్ళు వేరే దిక్కు నుంచి తిప్పుకున్నాడు. కాలువ కింద బంగారం లాంటి భూమిలో తుంగ మోకాటి లోతు పెరిగింది. చెయ్యని మంత్రం చేసిందన్నందుకు పండ్లు పోయిన మనిషి, చివరికి ఆ మంత్రాన్నే కావలి పెట్టుకుంది. రోజూ గట్టు దాకా పోయి తుంగను చూసి వస్తుంది.

"కడియాలు తీసుకపోయి మన్నుల గుచ్చొస్తివి. గవి నోట్ల ఉంటె రొట్టన్న తిందువు గద" అని ఎలిశిబా ఒకనాడు తిట్టింది.

కిష్టవ్వ గంజిలో నానబెట్టిన రొట్టె ముక్కను చిగుళ్ళతో నొక్కుతూ ఏదో అన్నది.

"ఏందీ?" అన్నది ఎలిశిబా.

కిష్టవ్వ మళ్ళీ చెప్పలేదు.