పిలుపు వినని కూన

తెల్లారేసరికి పాలు కాచి చల్లార్చాలి. కూనల కింద చెమ్మ పట్టిన ఉన్నిగుడ్డ మార్చాలి. పాదాల్లో గుచ్చుకున్న ముళ్ళు తీయాలి. ఒక్కొక్కదాన్నీ విడిగా తీసుకెళ్ళి పేరుపెట్టి పిలవాలి. వస్తే మాంసం తునక పెట్టాలి. రాకపోతే తిట్టకూడదు.

నరిన్ పట్నంలో డిగ్రీ పూర్తిచేసి కొండమీది మేతభూములకు తిరిగొచ్చిన నాకు దోరోన్ పెదనాన్న అప్పజెప్పిన పనులివి. మా ఇంట్లో అంతవరకు చదివింది నేనొక్కదాన్నే. అయినా తైగన్ వేటకుక్కల దగ్గర నాది మొదటి తరగతే.

మిగతా కూనలు పిలిస్తే పరుగెత్తుకొచ్చేవి. తెల్లకూన బులుత్ మాత్రం ఆకాశంకేసి చూస్తూ కూర్చునేది.

పెదనాన్న మురిసిపోయాడు. "ఇది కుమాయిక్ కుక్కే, సైరా! రాబందు గుడ్డులోంచి పుట్టే రకం. మనం పిలిస్తే వస్తుందా? పైనుంచి పిలవాలి దాన్ని."

"పైనుంచి పిలుపొస్తే ముందు నీకే వస్తుందిలే, ముసలాడా," అంది పిండి పిసుకుతున్న బురుల్ పెద్దమ్మ.

ఒక సాయంత్రం పిడుగు పడింది. కూనలన్నీ బొంతల కింద దూరాయి. బులుత్ గుమ్మంలోనే కూర్చుంది.

"చూశావా ధైర్యం!" అన్నాడు పెదనాన్న.

పెద్దమ్మ దాని వెనక కెటిల్ మూత ఖంగుమనేలా పడేసింది. బులుత్ చెవి కూడా కదపలేదు.

"ధైర్యం కాదయ్యా. దీనికి వినపడదు."

పెదనాన్న కూన చెవులు తడిమి చూశాడు. తర్వాత అన్నాడు: "తోడేలు వెనకొచ్చినా తెలీదు దీనికి. చలికాలం వలసకు మనం కొండ దిగేలోగా దూరాన్నుంచి పిలిస్తే రావాలి. లేకపోతే కింద ఊళ్ళో ఎవరికైనా ఇచ్చేస్తా."

ఇస్తే గొలుసు వేస్తారు. పరుగు కోసమే పుట్టిన కుక్క బతుకంతా గుంజ చుట్టూ తిరగాలి.

పెద్దమ్మ పిలిచే పద్ధతి మార్చింది. అరచేత్తో నేలను తట్టేది. కూన తిరిగి చూడగానే రెండు చేతులూ పైకెత్తి గుండెకేసి లాక్కునేది. రాకపోతే తనే వెళ్ళి పక్కన కూర్చునేది. "దానికేం తొందర? నాకేం తొందర?" అనేది.

వలసకు ముందు, కూనల్ని ఎంచుకోవడానికి వేటగాళ్ళు వచ్చారు. అదే సమయానికి బులుత్ ఏదో జంతువు వెంటపడి వాగు దాటి ఎదుటి వాలు ఎక్కేసింది. పైన డేగ చక్కర్లు కొడుతోంది. కంగారులో పెదనాన్న ఈల వేశాడు.

"చెవిటిదానికి ఈలేస్తున్నాడ్రోయ్!" అని వాళ్ళు నవ్వారు.

పెద్దమ్మ చేతులెత్తింది. కూన వెనక్కి చూసింది. కానీ ముదురురంగు కోటులోని చేతులు అంత దూరానికి ఆనలేదు. మళ్ళీ పైకి కదిలింది.

అప్పుడు పెద్దమ్మ తన తెల్లటి తలగుడ్డ విప్పేసింది. మా దగ్గర ఆ వయసు స్త్రీ పరాయివాళ్ళ ముందు తల చూపించదు. ఆమె నెరిసిన జడలు నేనే అంతవరకు చూడలేదు. గుడ్డ కొసలు రెండు చేతులా పట్టుకుని పైకెత్తి, గుండెకేసి లాక్కుంది.

బులుత్ ఆగింది. తిరిగింది.

దాని కాళ్ళు నేలను తాకాయో లేదో నేను చెప్పలేను. గడ్డి రెండుగా చీలుతూ వచ్చింది. వాగు దాటిందని, నీళ్ళు ఎగిరిపడ్డాకే తెలిసింది. నవ్విన వాళ్ళు తలలు దించుకున్నారు. బులుత్ వచ్చి పెద్దమ్మ ఒళ్ళో పడింది.

పెదనాన్న తన కోటు విప్పి ఆమె తలమీద కప్పాడు.

"ఇంకొక్కసారి పిలవవూ? మళ్ళీ చూడాలనుంది."

"చాల్లే. దానికి ఆయాసంగా ఉంది."

బులుత్ మాతోనే ఉండిపోయింది. ఇప్పుడు పెద్దమ్మ లేదు. ఈ చుట్టుపక్కల లోయల్లో బులుత్ పేరు అందరికీ తెలుసు. దాన్ని పిలిచినావిడ పేరు ఎవరూ అనరు. ఆమె పేరు బురుల్. మీరైనా గుర్తుంచుకోండి.