కారే కారు, తౌరారీ ముక్కు

భూగోళం దక్షిణ కొసనున్న చిన్న ఊరు టోకొరోవాలో, పిస్టన్లకి బదులు గుండ్రంగా తిరిగే ఇంజనుండే పాత రోటరీ బండ్లున్న వాళ్లందరికీ తౌరారీ ముక్కు మీద గురి. మంచి వైద్యుడి హస్తవాసి మీద ఉండే గురి లాంటిదే అది. నలభై ఏళ్లు కాగితం మిల్లులో యంత్రాలు బాగుచేసి రిటైరయ్యాక, ఇంటి పక్క రేకుల షెడ్డులో రోటరీ స్పోర్ట్స్ కార్లు తప్ప మరో బండి ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. మామూలు పిస్టన్ల బండి ఎవరైనా తెస్తే, "దీనికి గుండె లేదు, గుర్రపు డెక్కలున్నాయి. ఇంకెక్కడైనా చూపించుకో" అని గేటు దగ్గరే పంపేసేవాడు.

ఒకప్పుడు వీధిలో పోతున్న బండిని చెయ్యెత్తి ఆపి, బానెట్ ఎత్తకుండానే, "నీ రెండో ఇంజెక్టరు కింద రబ్బరు చుట్టు పోయింది" అన్నాడు. విప్పి చూస్తే అదే. ఆ కథ నోళ్లలో నానుతున్న కొద్దీ బండికీ ముక్కుకీ మధ్య దూరం పెరుగుతూ వచ్చి, చివరికి బండి పక్క ఊళ్లో ఉండగానే పసిగట్టాడన్న దాకా పోయింది. తౌరారీ ఆ కథను ఏనాడూ సరిదిద్దలేదు.

అలాంటి ముక్కు ఆ ఏడు, అక్కడ చలికాలమైన జూలైలో పట్టిన జలుబుతో మూగబోయింది. జలుబు పోయింది, దగ్గు పోయింది, వాసన మాత్రం తిరిగి రాలేదు. పెట్రోలు డబ్బా మూత తీసి ముఖం పెట్టినా మంచినీళ్ల బిందెలోకి తొంగి చూసినట్టే ఉండేది. ఈ సంగతి తౌరారీ ఎవరికీ చెప్పలేదు, భార్య తేపైరుకి కూడా. తెచ్చిన బండ్లన్నిటికీ బ్రేకులో, బ్యాటరీలో, ఏదో ఒకటి కళ్లకి కనబడే జబ్బే ఉండేలా చూడమని దేవుణ్ణి వేడుకుంటూ రెండు నెలలు నెట్టుకొచ్చాడు.

సెప్టెంబరులో ఒక మంగళవారం కిమి వచ్చింది. పళ్లాసుపత్రిలో నర్సు. ఆమె ఎర్ర రెండు తలుపుల బండి వయసు ఇంచుమించు ఆమె వయసే.

"బాబాయ్, ఈ బండి నా పరువు నిలువునా తీసేస్తోంది," అంది దిగుతూనే. "మొన్న చర్చి పాటల వాళ్ల తెల్ల గౌన్లన్నీ ఇస్త్రీ చేయించి వెనక సీట్లో వేసుకెళ్లానా, ఆరాధనంతా ఆడవాళ్లు దగ్గుతూనే పాడారు. విందు రోజు మన చర్చి పెద్ద, డీకన్ రువా, నా బండిని పంది కాల్చే పొయ్యి గోతి దరిదాపులకే రానివ్వలేదు. 'నువ్వొస్తే పందితో పాటు మమ్మల్నీ కాల్చుకు తినాలి' అన్నాడు, నలుగురిలో!"

"పెట్రోలు వాసనా?" అన్నాడు తౌరారీ నీరసంగా.

"ఇక్కడికే గుప్పున కొడుతోంది కదా, నన్నడుగుతావేంటి?"

"ఆఁ, కొడుతోంది, కొడుతోంది. నీ నోటితో చెప్తావేమోనని."

అప్పటికే ఎదురింటి డీకన్ రువా, భార్యతో సహా కంచె మీద మోచేతులు ఆనించి నిలబడ్డాడు. తౌరారీ వాసన చూడడం ఆ వీధికి వినోదం. తప్పేది లేక తౌరారీ బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. కళ్లు మూసుకున్నాడు. ముక్కుపుటాలు పెంచాడు. వెనక చక్రం దగ్గర గట్టిగా ఊపిరి లాగాడు. ఏమీ లేదు. వట్టి చల్లగాలి.

"వెనకాలే," అన్నాడు తల పంకించి. "ట్యాంకు మీది గొట్టం పగిలింది."

ముప్పై అయిదేళ్ల బండికి ఏ రబ్బరు గొట్టమైనా పగిలే ఉంటుందన్న ధైర్యంతో అన్న మాట అది. నిజంగానే ఆ గొట్టం బీటలు వారి ఉంది. మార్చాడు. రువా కంచె మీంచి చప్పట్లు కొట్టాడు.

గురువారం మళ్లీ వచ్చింది కిమి. ఈసారి కిటికీలు రెండూ దించుకుని, ఆ చలిలో ముక్కు ఎర్రగా చేసుకుని వచ్చింది. "వాసన తగ్గలేదు బాబాయ్. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడైతే కళ్లమ్మట నీళ్లొస్తున్నాయి. హీటరు గాలిలోంచే వస్తోంది."

ఆ మాట వినగానే తౌరారీ బానెట్ వైపు చూశాడు. లోపలికొచ్చే గాలిలో వాసనంటే కారేది ముందు, ఇంజను దగ్గర. ఈ ఇంజనులో పెట్రోలు వెళ్లే దారీ, పొగ బయటికి పోయే దారీ ఒకే పక్కన ఉంటాయి. పెట్రోలు పైన, కొలిమిలా కాలే పొగగొట్టం కింద. ఒక్క చుక్క తప్పు చోట పడితే బండి దివిటీ అవుతుంది. అలా దారి పక్కన బూడిదైన బండ్లు రెండిటిని అతను కళ్లారా చూశాడు. తను పరువు కోసం గాలి పీల్చి ఏదో వాగితే, ఆ పిల్ల రెండు రోజులు ఆ బండిలో తిరిగింది.

"తాళాలిటివ్వు," అన్నాడు. "బాగయ్యేదాకా దీన్ని ముట్టద్దు. బస్సులో పో."

కిమి వెళ్లాక బ్యాటరీ తీగ ఊడదీసి, వంటింట్లోకొచ్చి కూలబడ్డాడు. తేపైరు కొబ్బరిపాలలో చేమాకు ఉడికిస్తోంది.

"తేపైరూ, నీకొకటి చెప్పాలి."

"నీ ముక్కు పనిచెయ్యట్లేదు. అదేగా?"

తౌరారీ నోరు తెరిచాడు.

"జూలై నుంచే తెలుసు. ఆ ఆదివారం ఇదే కూర అడుగంటి ఇల్లంతా పొగ కమ్మితే, నువ్వొచ్చి 'అబ్బ, ఏం ఘుమఘుమలే' అన్నావు. నా మీద ప్రేమ పుట్టుకొచ్చిందేమో అనుకున్నా ఒక్క నిమిషం. ఆ తర్వాత పాడైన చేప ముక్క నీ పళ్లెం పక్కన పెట్టి చూశా. పేపరు చదువుకుంటూ కూర్చున్నావు."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావేమోనని చూశా. ఎంత కాలం మోస్తావో చూద్దామనీ చూశా." గరిటె పక్కన పెట్టింది. "ఇప్పుడేం చేస్తావు?"

"అందరి ముందూ కాగితం ముక్కలూ అద్దమూ పెట్టుకుని వెతికితే, ముక్కు తౌరారీకి ఏమొచ్చిందని అడుగుతారే."

"అడిగితే అడగనీ."

"ఆ రువా అడుగుతాడే!"

తేపైరు మొగుడి వంక జాలిగా చూసింది. నలభై రెండేళ్లుగా ఇతని పెట్రోలు బట్టలు ఉతుకుతున్న మనిషి. ఆ వాసనలో రకాలు ఆమెకీ తెలుసు. పాతదేదో కొత్తదేదో, నూనె కలిసిందేదో ఇట్టే చెప్పగలదు. "సరే," అంది. "నా ముక్కు అరువిస్తా. శనివారం నువ్వు బానెట్ కింద తల పెట్టు. నేను పక్కన నిలబడి కీర్తన కూనిరాగం తీస్తా. వాసన దగ్గరైతే పెద్దగా, దూరమైతే మెల్లగా. సరేనా?"

తౌరారీకి పోయిన ప్రాణం లేచొచ్చింది.

శనివారం పొద్దున కిమి వచ్చింది. రువా దంపతులు ముందే కంచె దగ్గర చేరారు. సంగతి ఎలా పొక్కిందో, పాటల బృందంలో సగం మంది కూడా వచ్చారు. గౌన్లు పాడైంది వాళ్లవే కాబట్టి నేరస్థుణ్ణి పట్టుకునేటప్పుడు చూడాలని వాళ్ల పంతం. ఒకావిడ గిన్నె నిండా డోనట్లు కూడా తెచ్చింది.

తౌరారీ మంటలార్పే సిలిండరు కాలి దగ్గర పెట్టుకున్నాడు. బ్యాటరీ తగిలించాడు. ఇంజను తిప్పకుండా పంపు ఒక్కటే తిరిగేలా చిన్న తీగ ముక్కతో కలిపాడు. పంపు జుయ్యిమంది. తల వంచాడు. తేపైరు కీర్తన ఎత్తుకుంది.

ముందు మెల్లగా సాగింది. తౌరారీ ఎడమకి జరిగాడు. పాట కొంచెం పెరిగింది. ఇంకా ఎడమకి, గాలి గొట్టం కిందికి వంగాడు. ఇంకా పెరిగింది. ఒళ్లు పులకరించింది అతనికి. ఇక అయిపోయినట్టే!

కానీ ఆ జనం ఎదుట పాట మొదలుపెట్టి ఒంటరిగా పాడుకోవడం ఎవరి తరం? డోనట్ల ఆవిడ రెండో గొంతు కలిపింది. ఆమె పక్కావిడ పై గొంతు అందుకుంది. రువా కంచె అవతలి నుంచే "హఁ! హఁ! హఁ!" అంటూ మగవాళ్ల తాళం మొదలెట్టాడు. క్షణంలో వీధి వీధంతా చర్చి అయిపోయింది. తౌరారీ కుడికి జరిగినా అదే హోరు, ఎడమకి జరిగినా అదే హోరు. భార్య గొంతు ఎక్కడుందో పోల్చుకోలేక బానెట్ కింద తల అటూ ఇటూ తిప్పాడు. వంగిన నడుము పట్టేసింది. ఇటు తేపైరు కూడా గుట్టు సంగతే మరిచిపోయి, కళ్లు మూసుకుని మూడో చరణంలోకి వెళ్లిపోయింది.

"ఆపండి!" అని అరిచాడు తౌరారీ. లేవబోయి తల బానెట్‌కి కొట్టుకున్నాడు. పాట ఆగింది. పంపు ఒక్కటే జుయ్యిమంటోంది.

"నాకు వాసన రాదు," అన్నాడు. "రెండు నెలలైంది. మా తేపైరే పసిగట్టి, పాటతో నాకు చెబుతోంది. మీరంతా కలిసి చెడగొట్టారు."

 డోనట్ల ఆవిడ ముక్కున వేలేసుకుంది.

"మరి మంగళవారం నా చక్రం దగ్గర అంతసేపు ఏం పీల్చావు బాబాయ్?" అంది కిమి.

"గాలి."

మొదట నవ్వింది కిమియే. తర్వాత రువా కంచె మీద పడి పడి నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుంటూ గేటు తోసుకుని లోపలికొచ్చాడు. "నాకు కుడి చెవి వినబడదయ్యా. ఏడేళ్లయింది. పాస్టరుగారి ప్రసంగానికి తల ఊపేదంతా ఊహ మీదే. చెప్పు, లైటు ఎవరు పట్టుకోవాలి?"

అక్కణ్ణించి పని పనిలా సాగింది. రువా లైటు పట్టాడు. తేపైరు వంగి ఒక్కసారి పీల్చి, "ఎడమ పక్క, లోపల, కిందికి. తాజా పెట్రోలు" అంది, కూనిరాగాలేమీ లేకుండా. తౌరారీ పొడిగుడ్డతో కీలు కీలూ తుడిచాడు. పుల్లకి కట్టిన అద్దం లోపలికి దింపి, టిష్యూ కాగితం చీలికలు ఒక్కో అతుకు దగ్గరా ఆనించాడు. మొదటిది పొడి. రెండోది పొడి. నాలుగో దాని దగ్గర కాగితం తడిసీ తడవనట్టుంది. పెట్రోలు ఇట్టే ఆరిపోయే సరుకు, కంటిని నమ్మడానికి లేదు. వేలు చివర పెట్టి కళ్లు మూసుకున్నాడు. వేలు చల్లబడింది. మంచు ముక్క ముట్టుకున్నట్టు చల్లబడింది.

"దొరికాడు," అన్నాడు మెల్లగా.

పెట్రోలు దడదడ కొట్టుకోకుండా ఒత్తిడిని సర్దే చిన్న గుండ్రటి డబ్బా అది. డాంపరంటారు. లోపలి పలుచటి పొర చిరిగి, నడుమ ఉన్న మర దగ్గర చుక్క చుక్కగా ఊరుతోంది. చుక్క కింద జానెడు దూరంలో పొగగొట్టం. అద్దంలో అది చూసి కిమి మొహం పాలిపోయింది. "దీని మీద కూర్చునా నేను పనికెళ్లింది?" అంది.

"నా తప్పు," అన్నాడు తౌరారీ. "మంగళవారమే చెప్పాల్సింది. పరువు చూసుకున్నాను, నిన్ను చూసుకోలేదు."

కిమి ఒక డోనట్ తీసి అతని చేతిలో పెట్టింది.

పంపు తీగ తీసేసి, గొట్టంలో ఒత్తిడి దిగాక, పైనున్న గాలి గొట్టాలన్నీ విప్పడానికే మధ్యాహ్నమైంది. డాంపరు స్థానంలో గట్టి బోల్టు బిగించి, రెండు పక్కలా కొత్త రాగి చుట్లు వేశాడు. ఇంజెక్టర్ల కింద ఎండిపోయి గాజులా పెళుసెక్కిన రబ్బరు చుట్లన్నీ మార్చాడు. ముందు గొట్టాలు కూడా తీసేసి, ఒత్తిడికి తట్టుకునే కొత్తవి వేశాడు. మళ్లీ పంపు తిప్పి, అరగంట పాటు ప్రతి అతుకూ వేలితో తడిమాడు. ఎక్కడా చల్లబడలేదు. తేపైరు చివరిగా వంగి పీల్చింది. "ఏమీ లేదు," అంది. "నీ చొక్కా తప్ప."

కిమి తాళం తిప్పింది. బండి గర్జించి, ఆ రోటరీలకే సాధ్యమైన తడబాటుతో బ్రప్, బ్రప్ మంటూ నిలదొక్కుకుంది. పాటల బృందం కేకలు వేసింది.

తిప్పి చూడాలి కదా అని ముగ్గురూ ఎక్కారు. ముందు సీటు తేపైరుది. "ముక్కు ముందుండాలి," అని తేల్చి చెప్పింది. తౌరారీ వెనక సీటనే ఆ పీటలో మోకాళ్లు చెవులకి ఆనించుకుని ముడుచుకున్నాడు. ఊరు దాటి పైన్ తోటల మధ్యకి వచ్చాక, తేపైరు కిటికీ కొంచెం దించి, వెనక్కి తిరక్కుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"తడి చెక్క పొట్టు... ఎవరో గొర్రె మాంసం కాలుస్తున్నారు, ఉల్లిపాయలేసి... ఇప్పుడు కోసిన గడ్డి..."

తౌరారీ కళ్లు మూసుకుని విన్నాడు. రెండు నెలల తర్వాత లోకం కొంచెం దగ్గరగా వచ్చినట్టనిపించింది.

"చీ చీ!" అంది తేపైరు కిటికీ గబుక్కున ఎత్తేస్తూ. "మిల్లు గాలి తిరిగింది. కుళ్లిన గుడ్లు!"

కిమి కొంగలా మెడ ముడుచుకుని ముక్కు మూసుకుంది. వెనక నుంచి తౌరారీ చెయ్యి చాపి కిటికీ మళ్లీ దించాడు, హాయిగా నిండా ఊపిరి పీల్చుకుని, "కొంచెం వేగంగా పోనీ అమ్మాయ్," అన్నాడు.