మిరప కల్లంలో ఆవిడ

నందిగామ పోలీస్ స్టేషన్ వరండాలో బల్లమీద కూర్చున్న కృపారావుకి తలుపు సందులోంచి బొమ్మ కొంచెమే కనబడుతోంది. ఒక మోకాలు, దాని పక్కన కుప్ప పోసిన ఎర్ర మిరపకాయలు. అతనికి ఆ మాత్రం చాలు. మెడ కాస్త వంచి, కదలకుండా చూస్తున్నాడు.

జగ్గయ్యపేట బస్టాండు చుట్టూ ఉన్న బోర్డులన్నీ ఒకప్పుడు అతని చేతివే. ఫ్లెక్సీలొచ్చాక అతన్ని పిలిచేవాళ్ళు లేకుండా పోయారు. పని లేని ఆ రోజుల్లోనే, మిగిలిపోయిన ఎనామిల్ రంగులతో ఒక పాత ప్లైవుడ్ చెక్కమీద భార్య ఆరోగ్యమ్మని వేశాడు. నిలువెత్తు చెక్క నిండా ఆవిడే. కల్లంలో కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతోంది. ఘాటు పడక ముక్కూ నోరూ మూసి కొంగు కట్టుకుంది. కళ్ళు మాత్రమే బయటికున్నాయి.

"మొహం మూసేశావేంటి, చూపించుకోదగ్గట్టు లేనా నేను?" అని దెప్పింది ఆవిడ.

తర్వాత ఆవిడకి జబ్బు చేసింది. మందుల కోసం ఆవిడే పట్టుబట్టి బొమ్మ అమ్మించింది. బైపాస్ మీద హోటలున్న భవానీప్రసాద్ కొన్నాడు. ఆ మందులు వాడటం పూర్తి కాకముందే ఆవిడ పోయింది.

పిల్లల్లేరు. ఇంట్లో ఆవిడ ఫోటో అంటే ఆధార్ కార్డులోదే. అది జబ్బులో తీసింది, చూడబుద్ధి కాదు. అందుకని ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి నందిగామ వచ్చేవాడు. హోటల్లో బొమ్మకెదురుగా కూర్చుని ఒక టీ తాగి వెళ్ళేవాడు. ఇంత దూరం టీకోసం ఎందుకొస్తున్నావని ఎవరూ అడగలేదు, అతనూ చెప్పుకోలేదు. ఒక ఆదివారం వచ్చేసరికి గోడమీద మేకులు మాత్రం ఉన్నాయి. రాత్రి ఎవరో తాళం పగలగొట్టి పట్టుకుపోయారన్నారు. ఆ తర్వాత మూడేళ్ళూ అతనికి ఆదివారం గడవడమే కష్టమైంది.

ఇప్పుడు విజయవాడలో ఒక పాత సామాన్ల కొట్లో పోలీసులకి దొరికింది. కింద కృపారావు పేరున్న చోట రంగు పూసేసి ఇంకెవరి పేరో రాశారు. ఇది అసలుదో, చూసి వేసిందో తేలక, వేసినవాణ్ణే పిలిపించారు.

ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చిన ఉషశ్రీ అనే అమ్మాయి, భవానీప్రసాద్ వరండాలోనే మాట్లాడుకుంటున్నారు. బొమ్మలమ్మే గ్యాలరీ ఆయనెవరో హైదరాబాదు పోతూ హోటల్లో దిగి, ఇది సామాన్యమైన బొమ్మ కాదన్నాక, ప్రసాద్ హోటల్ సామానుతోపాటు దీనికీ ఇన్సూరెన్స్ కట్టాడు. పోయాక కంపెనీ డబ్బిచ్చింది.

"క్లెయిమ్ ఇచ్చేశాం కాబట్టి ఇదే అసలు బొమ్మ అయితే కంపెనీదే సార్. మీకు కావాలంటే ఆ డబ్బు తిరిగి కట్టి తీసుకోవచ్చు."

"నాకెందుకమ్మా. ఆ డబ్బుతో హాలుకి ఏసీలు పెట్టించా. ఆ గోడే పడగొట్టేశాం."

కృపారావు గొంతు సవరించుకున్నాడు. "కంపెనీ ఏం చేసుకుంటదమ్మా బొమ్మని?"

"హైదరాబాదు తీసుకెళ్ళి అమ్మేస్తారండి. మంచి రేటే వస్తుందంటున్నారు."

వాళ్ళిద్దరినీ ఎస్సై గదిలోకి పిలిచారు. హెడ్ కానిస్టేబుల్ ఫ్రాన్సిస్ వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరిదీ ఒకటే చర్చి. ఆ బొమ్మలో ఉన్నదెవరో కృపారావు కాక తెలిసినవాడు ఫ్రాన్సిస్ ఒక్కడే.

"బాబాయ్, నేను వేసింది కాదని చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి. "అప్పుడు కంపెనీకి హక్కు లేదు, ప్రసాద్‌గారికీ లేదు. కొట్టువాడు కేసుకి భయపడి అడగడు. ఎవరిదీ కాని సామాను కోర్టు వాళ్ళు వేలం వేస్తారు, తుక్కు సైకిళ్ళతోపాటు. దొంగ పేరున్న చెక్కని ఎవడు పాడతాడు? నువ్వే పాడుకుంటావు. ఆటోలో వేసుకుని ఇంటికి తీసుకుపోతావు."

కృపారావు మళ్ళీ తలుపు సందులోకి చూశాడు. ఇంట్లో బొమ్మ ఎక్కడ పెట్టాలో అప్పుడే ఆలోచించుకున్నాడు. మంచం ఇటు జరపాలి. కిటికీ ఎండ రంగుమీద పడకూడదు. పొద్దున లేవగానే కనబడాలి.

లోపలికి పిలిచారు.

బొమ్మని గోడకి ఆనించి నిలబెట్టారు. ఒక అంచు చెక్కులేచింది. కళ్ళు మాత్రం అట్టాగే ఉన్నాయి, పని మధ్యలో ఎవరో పిలిస్తే తలెత్తినట్టు.

"మీరు వేసిందేనా కృపారావు గారూ?" ఉషశ్రీ అడిగింది. "మా ఫైల్లో ఉన్న పాత ఫోటోతో పోలిస్తే ఒకలాగే ఉంది. కానీ వీటికి నకళ్ళు చేస్తుంటారు. అందుకే మీ మాట కావాలి."

"చూడనివ్వమ్మా."

చాలాసేపు చూశాడు. ఫ్రాన్సిస్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. కాదు అన్న మాట నాలుక మీదికి వచ్చింది కూడా. చిన్న మాటే.

"పోనీ, ఈ కూర్చున్నామె ఎవరో తెలుసా?" అంది ఉషశ్రీ. "మా కాగితాల్లో మిరపకాయలు ఏరే కూలి మనిషి అని రాసుంది."

కృపారావు ఆ పిల్ల వైపు తిరిగాడు.

"కూలి మనిషి కాదమ్మా. మా ఆవిడ. ఆరోగ్యమ్మ. వేసింది నేనే."

భవానీప్రసాద్ కుర్చీలో ముందుకి జరిగాడు. "అన్నేళ్ళు మా హోటల్లో ఉన్నది మీ ఆవిడా? ఒక్కనాడన్నా చెప్పలేదేం కృపారావ్?"

"టీకి వచ్చినవాణ్ణి, ఏం చెప్తానండి."

సంతకం తీసుకున్నారు. ఇద్దరు మనుషులు బొమ్మకి దుప్పటి చుట్టి తాళ్ళు కట్టి వ్యానులో ఎక్కించారు. బొమ్మ ఫోటో అతని ఫోన్‌కి పంపుతానంది ఉషశ్రీ. తనది బటన్ల ఫోనని చెప్పాడు.

"కాదని ఒక్క మాట అంటే సరిపోయేది కదా బాబాయ్," అన్నాడు ఫ్రాన్సిస్ బయటికొచ్చాక.

"అందామనే పోయానురా. ఎదురుగా కూర్చుని ఆవిడ అట్టా చూస్తంటే, నువ్వెవరో నాకు తెలీదని ఎట్టా అంటా?"

ఫ్రాన్సిస్ లోపలికి వెళ్ళిపోయాడు. వ్యాను గేటు దాటి హైదరాబాదు వైపు తిరిగింది. కృపారావు అది ఇందాక ఆగి ఉన్న చోటే నిలబడ్డాడు. ఎవరో కుర్రాడు మోటార్‌సైకిల్‌తో వచ్చి, "కాస్త జరుగు పెద్దాయనా, బండి పెట్టుకోవాలి," అన్నాడు. జరిగాడు.