జైతూన్‌బీ వెంట నడిచే దొరువు

జైతూన్‌బీకి సర్కారు సాయం ఎట్లా వచ్చిందో రెండు ముక్కల్లో చెప్పి ముగించవచ్చు. కానీ ముందు ప్రెసిడెంటు కామాక్షయ్య బావి సంగతి చెప్పకపోతే ఆయన నొచ్చుకుంటాడు. పంచాయతీ సమితులు పెట్టిన కొత్తలో, బావి తవ్వుకునే రైతుకు సగం ఖర్చు సర్కారే ఇస్తుందని తెలియగానే, బోగోలుకు తూర్పునున్న ఆ ఇసకనేలల్లో అందరికంటే ముందు తవ్వించినవాడు ఆయనే. రాతికట్టు, గిలక, దిగడానికి మెట్లు, అన్నీ ముచ్చటగా కుదిరాయి. నీళ్ళు ఒక్కటే లేవు. అందులో కొబ్బరిమట్టలు దాచుకుంటారు. ఎండినవి ఎండినట్టే ఉంటాయని ఆయన భార్యకు ఎంతో సంతోషం.

జైతూన్‌బీకి ఉన్నది వంగతోట, దానికి నీళ్ళిచ్చే ఇసకగుంట. ఆ గుంటనే అక్కడ దొరువంటారు. పొద్దున్నే రెండు కుండలతో అందులోకి దిగి, ముంచుకొచ్చి మొక్క మొక్కకూ పోస్తుంది. భర్త దరియావలి పోయినప్పటి నుంచి ఆ దొరువు ఆమె వెంట తిరుగుతోంది. సంతకు పోతే సంతకు, దర్గాకు పోతే దర్గాకు. దర్గా బయట చెప్పుల పక్కన బుద్ధిగా ఉంటుంది. దారిలో ఎదురైనవాళ్ళు పంచె ఎత్తుకుని పక్కకు తప్పుకుంటారు. పొరుగింటి నూర్జాన్‌కు చేదబావి దాకా నడవడం బద్ధకం. ఎదురైనచోటే బిందె ముంచుకుని, "ఎక్కడికి వదినా?" అని అడిగిపోతుంది.

ఎండాకాలం వస్తే గట్టు జారి గుంట పూడుతుంది. చుట్టూ తాటిదుంగలు పాతాలి, దానికి ఆమె దగ్గర ఏమీ లేదు. సాయం రాకపోతే తోట ఎండిపోతుంది. ఎండితే కొనుక్కోవడానికి పక్క చేను కామాక్షయ్య కాచుకుని ఉన్నాడు. సాయం రావాలంటే, బావి ఉందని చెప్పవలసిందీ ఆ కామాక్షయ్యే. ఆయన ధర్మం తప్పని మనిషి. సంతరోజు చూసుకుని ఆమె చేలోకి వచ్చాడు. ఆమె సంతలో ఉంది గనక చేలో దొరువు లేదు. లేదనే సమితి ఆఫీసుకు చెప్పాడు. అబద్ధమాడాడని ఎవరూ అనలేరు.

మర్నాడు జైతూన్‌బీ సమితి ఆఫీసుకు నడిచింది. ఆఫీసరు భోజనానికి బయల్దేరే వేళకు ఆమె గేటు పక్కన కూర్చుని ఉంది. దొరువు గేటుకు అడ్డంగా పడుకుని ఉంది. జీపు ఆగింది.

"దీన్ని పక్కకు తియ్యమ్మా," అన్నాడు ఆఫీసరు.

"నేను లేస్తే అదే లేస్తుంది సార్. మీరు చూసి రాసుకుంటే నేను లేస్తాను."

ప్యూను బతిమాలాడు. డ్రైవరు హారను కొట్టాడు. ఆమె వక్క నములుతూ కూర్చుంది. చివరికి కామాక్షయ్యకు కబురు పోయింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగి, మీసానికి నూనె రాసుకుని వచ్చి, ఆకలితో ఉన్న ఆఫీసరు ముందు తీరిగ్గా ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"బావి అంటే ఉన్నచోట ఉండాల సార్. నా బావి చూడండి, కట్టినప్పటి నుంచి కదిలిందా? కదిలేదాన్ని బావి అనరు, గొడ్డంటారు."

గుమాస్తాలందరూ నవ్వారు. జైతూన్‌బీ నవ్వలేదు, లేవలేదు.

"అన్న చెప్పింది నిజమే సార్. గొడ్డనే రాయండి. పాడిగొడ్డు. ఊరి ప్రెసిడెంటే సాక్ష్యం చెప్పినాడు గదా."

అంతమంది ముందు అన్నమాట వెనక్కి తీసుకునే దారి కామాక్షయ్యకు కనిపించలేదు. ఆఫీసరు జీపు బానెట్ మీదే రాసి, ఆయన చేతనే సంతకం పెట్టించాడు. జైతూన్‌బీ లేచి చీర దులుపుకుంది. దొరువూ లేచింది.

పాడిపశువుల పథకం కింద సాయం వచ్చింది. ఇప్పుడు దొరువు తాటిదుంగలతో సహా తిరుగుతోంది. తోట జైతూన్‌బీ చేతిలోనే ఉంది. పశువుల కాంపౌండరు అప్పుడప్పుడూ వచ్చి దొరువుకు సూది వేసిపోతాడు. కిందటి మాఘమాసంలో జరిగిన పశువుల ప్రదర్శనలో మొదటి బహుమతి దానికే వచ్చింది. రెండోది కామాక్షయ్య కోడెకు ఇచ్చారు.